ముందు ప్యాంటు, తర్వాతే జాకెట్
స్నోబోర్డింగ్ దుస్తులపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

స్నోబోర్డింగ్ అంటే ఒకే పలక మీద నిలబడి మంచు వాలు మీద జారే ఆట. అది నేర్చుకునే మొదటి రోజు ఎలా గడుస్తుందో గత సంచికలో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: ఏం వేసుకోవాలి? నేను ఒంగోలులో పెరిగాను, ఇప్పుడు కొలరాడోలో ఉంటున్నాను. చలికాలం శని, ఆదివారాల్లో కొత్తవాళ్లకు ఈ ఆట నేర్పుతాను. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం బట్టలకే.

*ప్రశ్న: జనవరి చివర్లో నలుగురు స్నేహితులం గుల్మార్గ్ వెళ్లి స్నోబోర్డింగ్ నేర్చుకోవాలనుకుంటున్నాం. మనాలీ వెళ్లినప్పుడు కొన్న లావు పఫర్ జాకెట్లు, జీన్స్, ఉన్ని స్వెట్టర్లు ఉన్నాయి. ఇవి సరిపోతాయా? కొత్తగా కొనాల్సివస్తే దేనికి ఎక్కువ ఖర్చు పెట్టాలి?*
*– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్*

స్వెట్టర్లు పనికొస్తాయి. పఫర్ జాకెట్ సాయంత్రం గది నుంచి భోజనానికి నడిచి వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది. జీన్స్ శ్రీనగర్ దాకా వేసుకోండి, మంచు మీదికి మాత్రం వద్దు.

ఎందుకో చెబుతాను. స్కీయింగ్ చేసేవాళ్లకు రెండు కాళ్లకు రెండు పలకలు, చేతుల్లో రెండు కర్రలు ఉంటాయి. పడితే తప్ప వాళ్లు మంచును తాకరు. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టు దిగిన ప్రతిసారీ కొత్తవాళ్లు మంచులో కూర్చుని బైండింగ్స్, అంటే బూట్లను పలకకు పట్టి ఉంచే పట్టీలు, బిగించుకోవాలి. వెనక్కి పడితే కూర్చుంటారు, ముందుకు పడితే మోకాళ్ల మీద పడతారు. గురువు చెప్పేది వినేటప్పుడూ కూర్చునే ఉంటారు. నా తరగతిలో కొత్తవాళ్లు వాలు అంచున వరుసగా కూర్చుని పట్టీలు బిగించుకుంటుంటే, జీన్స్ వేసుకొచ్చినవాళ్లు ఎవరో వాళ్లు లేవగానే తెలిసిపోతుంది. మొదటి గంటలోనే వెనకాల గుండ్రంగా ముదురు రంగు మచ్చ, మోకాళ్ల దగ్గర మరో రెండు. మధ్యాహ్నానికి ఆ మోకాళ్ల దగ్గరి గుడ్డ గడ్డకట్టి అట్టలా బిగుసుకుంటుంది. నూలు నీళ్లను పీల్చుకుని వదలదు. నీరు ఒంట్లోని వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. జీన్స్ కింద ఎంత మంచి థర్మల్ (ఒంటికి ఆనుకునే వెచ్చటి లోపలి దుస్తు) వేసినా దానికి జవాబు లేదు.

అందుకే అందరికీ ఒకే మాట చెబుతాను. డబ్బు ముందు ప్యాంటు మీద పెట్టండి, తర్వాత గ్లవ్స్, ఆ తర్వాత సాక్స్, థర్మల్స్. జాకెట్ చివర. ఫొటోల్లో కనిపించేది జాకెట్ కాబట్టి అందరూ దానితో మొదలుపెడతారు. అది అద్దెకు తెచ్చుకున్నా, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా గడిచిపోతుంది. పలచటి ప్యాంటుతో, తడిసే గ్లవ్స్‌తో గడవదు.

ప్యాంటు కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. థర్మల్ మీద తొడుక్కుని, దుకాణంలోనే కింద కూర్చోండి. మోకాళ్లు ఛాతీ దగ్గరికి తెచ్చి, చేతులు చాచి పాదాలు అందుకోండి. నడుము వెనక భాగం కిందికి జారి వీపు బయటపడితే ఆ ప్యాంటు వద్దు, మంచు సరిగ్గా అక్కడి నుంచే లోపలికి దూరుతుంది. భుజాల మీద పట్టీలతో ఛాతీ దాకా వచ్చే బిబ్ ప్యాంటు అయితే ఆ బెడదే ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను దాన్నే ఇష్టపడతాను. కింది అంచు లోపల ఎలాస్టిక్ ఉన్న మరో పట్టీ ఉండాలి, అది బూటు మీదికి లాగి తొడిగేది. కూర్చునే చోట, మోకాళ్ల దగ్గర గుడ్డ రెండు పొరలుగా ఉంటే మంచిది. తొడల పక్కన గాలి ఆడే జిప్పులు ఉంటే ఇంకా మంచిది. ఒక సైజు వదులుగానే తీసుకోండి. బిగుతుగా ఉంటే వంగడం కష్టం, లోపల వెచ్చటి గాలి నిలవడానికీ చోటుండదు.

ఇక లోపలి బట్టలు. ఒంటికి ఆనుకునేది చెమటను పీల్చి ఉంచుకోకుండా బయటికి పంపాలి. అందుకు మెరినో గొర్రెల సన్నటి ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ కావాలి. చలికాలంలో మన దుకాణాల్లో అమ్మే థర్మల్స్‌లో నూలు ఎక్కువగా కలిసినవి చాలా ఉంటాయి. చీటీ తిప్పి చదవండి, కాటన్ అని గానీ విస్కోస్ అని గానీ మొదట రాసి ఉంటే అక్కడే పెట్టేయండి. లోదుస్తుల విషయంలోనూ ఇదే నియమం. దాని మీద ఫ్లీస్ చొక్కా లేదా మీ స్వెట్టర్. అన్నింటి మీదా నీళ్లు దూరని జాకెట్. పఫర్‌ను పై పొరగా ఎందుకు వద్దంటున్నానంటే, అందులో పక్షి ఈకల నూగు ఉంటే తడిసినప్పుడు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది.

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకు చేరతారు. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద మంచు మైదానంలో సున్నా ఉన్నప్పుడు పైన మైనస్ 8 దాకా ఉండవచ్చు, గాలి అదనం. మీరు నేర్చుకునేది కింది వాలుల మీదే. పైకి చూడటానికి వెళ్తే ఇంకో పొర సంచిలో ఉంచుకోండి. దారిలో టంగ్‌మార్గ్ దగ్గర పొడుగు కోట్లు, గమ్ బూట్లు అద్దెకిస్తామని చుట్టూ చేరతారు. మంచులో తిరిగి ఫొటోలు తీసుకోవడానికి అవి చాలు, బోర్డు ఎక్కేవాళ్లకు ఎందుకూ కొరగావు. బోర్డు, స్నోబోర్డు బూట్లు, హెల్మెట్, కావాలంటే జాకెట్ గుల్మార్గ్‌లోని స్కీ దుకాణాల్లోనే అద్దెకు తీసుకోండి. గ్లవ్స్, సాక్స్ మాత్రం హైదరాబాద్‌లోనే కొనుక్కుని వెళ్లండి. పెద్ద క్రీడా సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి.

*ప్రశ్న: మాది ఆదిలాబాద్. చలి మాకు కొత్త కాదు. ఒకదాని మీద ఒకటి మూడు స్వెట్టర్లు వేసుకుంటే ఈ ఖరీదైన బట్టలన్నీ ఎందుకు?*
*– ఒక ఉపాధ్యాయుడు*

ఆదిలాబాద్ చలి గట్టిదేనండీ, కాదనను. కానీ అది పొడి చలి. తెల్లవారుజామున గడగడలాడించి, పది గంటలకు ఎండలో వదిలేస్తుంది. కొండ మీద మీ ఒళ్లు రెండు వైపులా తడుస్తుంది, బయట మంచుతో, లోపల చెమటతో. కొత్తగా నేర్చుకునేవాళ్లు పడి లేవడానికే ఎక్కువ శ్రమ పడతారు. అలవాటైనవాళ్ల కంటే వాళ్లకే చెమట ఎక్కువ. మూడు స్వెట్టర్లు వేసుకుంటే అరగంటలో లోపలిది తడిసిపోతుంది. ఆ తర్వాత కుర్చీ లిఫ్టులో గాలికి ఎదురుగా కదలకుండా కూర్చున్నప్పుడు ఆ తడే వణికిస్తుంది. గాలిని ఆపే గుణం స్వెట్టర్‌కు లేదు, ఎన్ని వేసినా రాదు. ఒక పలచటి థర్మల్, ఒక స్వెట్టర్, పైన గాలీ నీరూ దూరని పలచటి జాకెట్ ఉంటే మీ మూడు స్వెట్టర్ల కంటే వెచ్చగా ఉంటుంది. గది నుంచి బయటికి రాగానే కొంచెం చలిగా అనిపించాలి. అప్పుడే బట్టలు సరిగ్గా ఉన్నట్టు లెక్క.

*ప్రశ్న: జాకెట్ల మీద 10కె, 15కె, 20కె అని రాసి ఉంటోంది. మేం స్నోక్వాల్మీ వెళ్తుంటాం. పోయినసారి 10కె జాకెట్ లోపలికి నీళ్లొచ్చాయి. అంకె పెద్దదైతే చాలా?*
*– రెడ్మండ్, వాషింగ్టన్ రాష్ట్రం*

అక్కడ రెండు అంకెలు ఉంటాయి. మొదటిది నీటిని ఆపే శక్తి. గుడ్డ మీద నీటి స్తంభాన్ని నిలబెట్టి, ఎంత ఎత్తు దాకా నీరు దూరకుండా ఆపుతుందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 10కె అంటే 10,000 మిల్లీమీటర్లు, పది మీటర్ల ఎత్తు నీరు. రెండోది ఆవిరిని వదిలే శక్తి, 24 గంటల్లో చదరపు మీటరు గుడ్డ గుండా ఎన్ని గ్రాముల తేమ బయటికి వెళ్తుందో చెబుతుంది. పరీక్ష పద్ధతులు కంపెనీకో తీరుగా ఉంటాయి కాబట్టి, రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి గట్టిగా పోల్చలేం. ఒకే కంపెనీ సరుకులో మాత్రం నమ్మవచ్చు.

మీ ఊరి సమస్య వేరే ఉంది. మా కొలరాడోలో బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 2,900 మీటర్ల పైన ఉంది. అక్కడ పడే మంచు పొడిగా ఉంటుంది, జాకెట్ దులిపితే రాలిపోతుంది. 10కె ఇక్కడ చాలు. స్నోక్వాల్మీ కనుమ 920 మీటర్ల దగ్గర ఉంది, పక్కనే పసిఫిక్ తేమ. సున్నా డిగ్రీల చుట్టుపక్కల తడి మంచు పడుతుంది, మధ్యలో వానగా మారుతుంది. అక్కడివాళ్లే దాన్ని కాంక్రీటు అంటారు. దానికి 20కె న్యాయమే. ఇంకో మాట, కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా పడి నీటిని గుడ్డలోకి నొక్కుతుంది. కాబట్టి జాకెట్ 15కె తీసుకున్నా ప్యాంటు మాత్రం 20కె తీసుకోండి. చాలామంది తిరగేసి కొంటారు.

అంకె ఒక్కటే చాలదు. నీళ్లు గుడ్డలోంచి కాక కుట్లలోంచి వచ్చి ఉంటాయని నా అనుమానం. జాకెట్ లోపలి వైపు తిప్పి, అస్తరు లేని చోట భుజం కుట్టు చూడండి. సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. మంచి జాకెట్లో ఆ వరుస మొత్తం మీద వేలెడు వెడల్పు సన్నటి పట్టీ వేడితో అతికించి ఉంటుంది. గోరుతో అంచును గీకితే లేవకూడదు. కొన్ని కంపెనీలు భుజాలు, మెడ దగ్గర మాత్రమే ఆ పట్టీ వేస్తాయి. చంకల కింద, పక్కల, జేబుల దగ్గర కుట్లు వదిలేస్తాయి. కొలరాడోలో అది పెద్ద లోపం కాదు. మీకు మాత్రం అన్ని కుట్లకూ పట్టీ ఉన్నదే కావాలి. అస్తరు అడ్డొచ్చి కనిపించకపోతే చీటీ మీద 'ఫుల్లీ టేప్డ్' అని ఉందో లేదో చూడండి.

ఇప్పుడున్న జాకెట్‌ను పారేసే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దాని మీద చేత్తో నాలుగు నీటి చుక్కలు చల్లండి. ముత్యాల్లా నిలబడి జారిపోతే నీటిని తోసేసే పై పూత బాగుంది. చుక్క చదునుగా పరుచుకుని గుడ్డ రంగు ముదిరితే పూత అరిగింది. పై గుడ్డ నీళ్లు పీల్చుకుంటే లోపలి పొర ఆవిరిని బయటికి పంపలేదు, చెమట లోపలే నిలుస్తుంది. అప్పుడు జాకెట్ కారుతోందనిపిస్తుంది కానీ ఆ తడి మన చెమటే. పూతను ఎలా బాగుచేయాలో ఉతకడం గురించిన ప్రశ్న దగ్గర చెబుతాను.

గోర్‌టెక్స్ తప్పనిసరా అని కూడా రాశారు. మంచి గుడ్డే. 1969లో బాబ్ గోర్ అనే ఆయన వేడిచేసిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) కడ్డీని ఒక్క కుదుపుతో లాగితే తెగకుండా సాగి, సన్నటి రంధ్రాలతో నిండిన పదార్థంగా మారింది. ఆ రంధ్రం నీటి బొట్టు కంటే సుమారు 20,000 రెట్లు చిన్నది, ఆవిరికి మాత్రం దారి ఇస్తుంది. నెలకొకసారి వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి కాదు. కంపెనీలు సొంతంగా తయారుచేసే 20కె గుడ్డ, అన్ని కుట్లకూ పట్టీ ఉన్న జాకెట్ చాలు.

*ప్రశ్న: మా అబ్బాయి కొలరాడోలో ఎంఎస్ చదువుతున్నాడు. స్నేహితులతో మంచు మీద జారే ఆట మొదలుపెట్టాడట. నేను అల్లిన స్వెట్టర్, మంకీ క్యాప్, కొబ్బరినూనె పంపుతున్నాను. ఇంకేమైనా పంపాలా అమ్మా?*
*– ఒక తల్లి, విజయవాడ*

స్వెట్టర్ తప్పకుండా పంపండమ్మా. అసలైన ఉన్నితో అల్లి ఉంటే జాకెట్ కింద మధ్య పొరగా చక్కగా పనికొస్తుంది, ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా వదలదు. మరీ లావుగా అల్లకండి, చేతులు ఆడాలి. మెడ దగ్గర ఎత్తుగా కాకుండా గుండ్రంగా ముగించండి, మెడకు వేరే తొడుగు వస్తుంది.

మంకీ క్యాప్ ఇంట్లో వేసుకుంటాడు. వాలు మీద మాత్రం హెల్మెట్ ఉండాలి. లావు టోపీ మీద హెల్మెట్ పెడితే వదులై, పడినప్పుడు కదిలిపోతుంది. హెల్మెట్ లోపల చెవుల మీదికి మెత్త ఉంటుంది, చలి వేయదు. ఈ సంగతి మీరు అబ్బాయికి గట్టిగా చెప్పండి, అమ్మ మాట వింటాడు. మోటారు సైకిల్ హెల్మెట్ కాదు, ఈఎన్ 1077 అని గానీ ఏఎస్‌టీఎం ఎఫ్2040 అని గానీ లోపల రాసి ఉన్న మంచు హెల్మెట్.

కొబ్బరినూనె ఇక్కడ చలికాలమంతా సీసాలో గడ్డగానే ఉంటుంది, అయినా పంపండి, పెదాలకూ మడమలకూ మంచిదే. ముఖానికి మాత్రం ఎండను ఆపే సన్‌స్క్రీన్ రాసుకోవాలి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి మన మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా కమిలిపోయి తరగతికి వచ్చేవాళ్లను చూస్తుంటాను. పంపాలనుకుంటే ఇంకొకటి, మణికట్టు రక్షణ పట్టీలు కొనుక్కోమని డబ్బు పంపండి. స్నోబోర్డింగ్‌లో కొత్తవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టే, పడుతూ చేతులు ముందుకు పెడతారు కాబట్టి. ఆ పట్టీ వేసుకున్న చేయి గ్లవ్‌లో పట్టాలి, కాబట్టి రెండూ కలిపి వేసి చూసి కొనమనండి.

*ప్రశ్న: రెండు జతల ఉన్ని సాక్స్ వేసుకున్నా గంటలో కాలివేళ్లు మొద్దుబారుతున్నాయి. మూడో జత వేసుకోనా?*
*– ఒక విద్యార్థి, డెన్వర్*

వద్దు బాబూ. ఒక జత తీసేయండి, అదే మందు.

రెండో జత వేసినప్పుడు బూటులో చోటు తగ్గుతుంది, పాదం నొక్కుకుంటుంది, రక్తం వేళ్ల దాకా సరిగ్గా వెళ్లదు. పాదాన్ని వెచ్చగా ఉంచేది రక్తమే, సాక్స్ ఆ వేడిని కాపాడతాయి, అంతే. పైగా రెండు పొరలు ఒకదాని మీద ఒకటి జారి ముడతలు పడతాయి, ముడత దగ్గర బొబ్బ వస్తుంది. పిక్క పైదాకా వచ్చే ఒక్క జత పలచటి మెరినో సాక్స్ వేసుకోండి. థర్మల్ ప్యాంటు అంచును బూటులోకి దోపకండి, ఆ మడత కాలి ముందు ఎముక మీద రోజంతా నొక్కుతుంది. మోకాలి కిందికే ఆగిపోయే ముప్పావు థర్మల్స్ దొరుకుతాయి, లేదా అంచును సాక్స్ పైదాకా లాగి ఉంచండి. ఇంటి నుంచి వేసుకొచ్చిన సాక్స్‌తోనే బూట్లు ఎక్కకండి. కారులో చెమట పట్టి ఉంటాయి. పొడి జత సంచిలో పెట్టుకుని అక్కడ మార్చుకోండి.

సాక్స్ మార్చినా తగ్గకపోతే తప్పు బూటుదే. అద్దె దుకాణంలో మన పిల్లలు వదులుగా ఉండే బూటు అడుగుతారు, హాయిగా ఉంటుందని. వదులు బూటులో మడమ లేస్తుంది. మడమను ఆపడానికి పట్టీలు బిగిస్తారు, పాదం మీద రక్తం ఆగిపోతుంది. బూటు తొడిగాక ముందు మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి చేర్చండి, తర్వాత తాళ్లు బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు కొద్దిగా వెనక్కి రావాలి. మునివేళ్ల మీద లేస్తే మడమ లోపల కదలకూడదు. ఈ మూడూ సరిపోయే దాకా దుకాణం వాళ్లను సైజులు మార్చి ఇవ్వమని అడగండి, మొహమాటపడకండి. మొదటి పది నిమిషాలు బిగుతుగానే ఉంటుంది, లోపలి మెత్త వేడికి సర్దుకుంటుంది. లిఫ్టులో కూర్చున్నప్పుడు పై తాడు కొంచెం వదులు చేసి, దిగే ముందు బిగించుకుంటే రక్తం ఆడుతుంది.

*ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో మా వారితో కలిసి మొదటిసారి మంచు మీదికి వస్తున్నాను. పొడవాటి జడ, చేతికి గాజులు, మెడలో మంగళసూత్రం ఉంటాయి. చుడీదార్ లెగ్గింగ్ లోపల వేసుకోవచ్చా? ఆడవాళ్లు ఇంకేం చూసుకోవాలి?*
*– డాలస్*

జడ వేసుకోవడమే మంచిది, విరబోసుకుంటే హెల్మెట్ పట్టీలో చిక్కుకుంటుంది. తల మీద ముడి వేయకండి, హెల్మెట్ కూర్చోదు. మెడ వెనక కిందుగా జడ వేసి కొస జాకెట్ లోపలికి దోపండి. గాజులు గదిలో తీసి రండి. మణికట్టు పట్టీ కింద నొక్కుకుంటాయి, పడితే గాజు ముక్కలు గుచ్చుకుంటాయి. మంగళసూత్రం థర్మల్ లోపల, ఒంటికి ఆనుకుని ఉంచుకోండి. చున్నీ, స్కార్ఫ్, వేలాడే తాడు ఏదీ బయట ఉండకూడదు. కుర్చీ లిఫ్టు మనం దిగేటప్పుడు ఆగకుండా కదులుతూ ఉంటుంది, వేలాడేది పట్టుకుంటే మనిషిని లాగుతుంది. మెడకు గొట్టంలా తొడిగే నెక్ వార్మర్ వాడండి.

చుడీదార్ లెగ్గింగ్ నూలుది కాబట్టి వద్దు. వ్యాయామానికి వేసుకునే పాలియెస్టర్ లెగ్గింగ్ ఉంటే అదే థర్మల్‌గా చాలు. ప్యాంటు తుంటి కొలతతో ఎంచుకుని నడుము పట్టీలతో బిగించుకోండి. తుంటి ఎముక కింద పడిన దెబ్బ రోజుల తరబడి వేధిస్తుంది కనుక, లోపల మెత్తలున్న పొట్టి ప్యాంటు వేసుకోవడానికి కూడా చోటుండాలి. బిబ్ ప్యాంటు కొంటే పక్క జిప్పు తుంటి దాకా తెరుచుకునేది చూసి కొనండి. లేకపోతే మరుగుదొడ్డికి వెళ్లిన ప్రతిసారీ జాకెట్‌తో సహా అన్నీ విప్పాలి. దానికి జడిసి నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు చాలామంది. ఈ ఎత్తులో నీళ్లు తాగకపోతే తలనొప్పి ఖాయం, దయచేసి అలా చేయకండి.

గ్లవ్స్ గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. వేళ్లన్నీ ఒకే సంచిలో కలిసి ఉండే మిటెన్స్ తీసుకోండి. వేళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. బైండింగ్ పట్టీ బిగించడానికి బొటనవేలు చాలు. అల్లిన ఉన్ని గ్లవ్స్ మంచులో పది నిమిషాలు ఆగవు. వాటికి మంచు ఉండలు అతుక్కుని కరుగుతాయి.

*ప్రశ్న: నాకు కళ్లద్దాలున్నాయి. గాగుల్స్ పెట్టుకుంటే ఆవిరి పట్టి ఏమీ కనిపించడం లేదు.*
*– బెంగళూరు*

కళ్లద్దాల మీద పెట్టుకునేలా లోతుగా, పక్కల గంట్లతో తయారైన గాగుల్స్ ఉంటాయి, అవే అడగండి. అద్దం రెండు పొరలది కావాలి. ఒంటి పొర అద్దానికి ఆవిరి తప్పదు. నెక్ వార్మర్‌ను ముక్కు మీదికి లాగి గాగుల్స్ కిందికి దోపితే ఊపిరి మొత్తం అద్దం లోపలికే పోతుంది, ముక్కు బయట ఉంచండి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గాగుల్స్‌ను నుదుటి మీదికి నెట్టకండి, తలలోంచి వచ్చే ఆవిరంతా అందులో చేరుతుంది. లోపలి వైపు తడిసినా గ్లవ్‌తో తుడవకూడదు, పూత పోతుంది. మెత్తటి గుడ్డతో అద్దాలి. వీలైతే కాంటాక్ట్ లెన్సులు ఇంకా సుఖం. అద్దం రంగు విషయానికొస్తే, గుల్మార్గ్‌లో ఎండ కాసే రోజుకు వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే వదిలే ఎస్3, మబ్బు రోజుకు 43 నుంచి 80 శాతం వదిలే ఎస్1 కావాలి. ఒక్కటే కొనగలిగితే మధ్యలో ఉండే ఎస్2 తీసుకోండి.

*ప్రశ్న: పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. ఏటా ఎదుగుతారు. కొనాలా, అద్దెకు తీసుకోవాలా? మేం తాహో వెళ్తాం.*
*– ఫ్రీమాంట్*

బోర్డు, బూట్లు అద్దెకే. ప్యాంటు, జాకెట్ కొనాలంటే చేతి అంచు, కాలి అంచు లోపల రంగు దారంతో ఒక మడత కుట్టి ఉన్నవి వెతకండి. ఏడాది తర్వాత ఆ దారం కత్తిరిస్తే పొడవు పెరుగుతుంది, రెండు చలికాలాలు వస్తాయి. పెద్దవాడివి చిన్నవాడికి ఎలాగూ దిగుతాయి. మిటెన్స్ మాత్రం ఒక్కొక్కరికి రెండు జతలు. పిల్లలు మంచును ఉండలు చేస్తారు, తింటారు, మధ్యాహ్నానికి మొదటి జత పిండేలా ఉంటుంది.

*ప్రశ్న: స్కీ దుబాయ్‌కి ఏం తీసుకెళ్లాలి?*
*– దుబాయ్*

అది మాల్ లోపల కట్టిన మంచు వాలు. అక్కడ చలి సున్నాకు కొద్దిగా కిందే, గాలి ఉండదు. జాకెట్, ప్యాంటు వాళ్లే ఇస్తారు. పొడవాటి సాక్స్, సొంత గ్లవ్స్, నూలు కాని ఒక బనియను చాలు.

*ప్రశ్న: గుల్మార్గ్ నుంచి వచ్చాక జాకెట్, ప్యాంటు ఎలా ఉతకాలి? మామూలు సబ్బు పొడి వాడవచ్చా? ఒక దుకాణంలో డ్రై క్లీనింగ్‌కు ఇవ్వమన్నారు.*
*– వరంగల్*

డ్రై క్లీనింగ్‌కు ఇవ్వకండి, అందులో వాడే రసాయనాలు పూతనూ లోపలి పొరనూ పాడుచేస్తాయి. సబ్బు పొడి గుడ్డలో మిగిలిపోయి నీళ్లను లోపలికి లాగుతుంది. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం ఇంకా చెడ్డది, రంధ్రాలు మూసేస్తుంది. నీళ్లు దూరని బట్టల కోసమే తయారుచేసిన ద్రావణం దొరికితే అది, లేకపోతే సువాసన లేని తేలికపాటి ద్రవ సబ్బు కొంచెం వాడండి. జిప్పులన్నీ మూసి, గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతికి, మామూలు కంటే రెండుసార్లు ఎక్కువగా జాడించండి. మెలిపెట్టి పిండకండి, కుట్ల మీది పట్టీ లేస్తుంది. నీడలో వేలాడదీయండి.

ఆరాక నీటి చుక్కల పరీక్ష చేయండి. చుక్కలు నిలబడకపోతే, చీటీ మీద అనుమతి ఉన్నట్లయితే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పండి, లేదా పైన పలచటి గుడ్డ పరిచి తక్కువ వేడి ఇస్త్రీ పెట్టండి. అరిగిన పూత ఆ వేడికి మళ్లీ లేస్తుంది. అయినా చుక్కలు పరుచుకుంటుంటే పూత మందు స్ప్రే చేయాలి, భుజాలకు, మోకాళ్లకు, కూర్చునే చోట ఎక్కువగా. వరంగల్ ఎండలో మాత్రం రోజంతా ఆరేయకండి. మడతపెట్టి బీరువా అడుగున కుక్కకుండా హ్యాంగర్‌కు వేయండి, వచ్చే జనవరికి అలాగే తొడుక్కుని వెళ్లవచ్చు.